ముక్కల ఉమ్ సాయిల్

ఉమ్ సాయిల్ చేసిన జమీద్ ఉండ పగలాలంటే రోకలి కావాలి, ఆ రోకలి ఎత్తే మగాడూ కావాలి అని కరక్ పట్నం చుట్టుపక్కల ఊళ్లలో నవ్వుతూ చెప్పుకునేవారు. అది ఎగతాళి కాదు, పొగడ్త. గొర్రె పాలు తోడుపెట్టి, చిలికి వెన్న తీసి, ఆ మజ్జిగను సన్నసెగ మీద విరగనిచ్చి, గుడ్డసంచిలో వేలాడగట్టి, ఉప్పేసి పిసికి, రెండు గుప్పిళ్లకు పట్టేంత ఉండలు చేసేది ఆవిడ. మిద్దె మీద పల్చని గుడ్డ కప్పి, నీడన మూడు వారాలు ఆరబెట్టేది. అప్పటికి ఉండ రాయిలా బిగుసుకుపోయేది. దాన్ని నానబెట్టి కరిగించి, ఆ పులుసులో మాంసం ఉడికించి మన్సఫ్ వడ్డించకపోతే ఆ ప్రాంతంలో పెళ్లి పెళ్లి కాదు, రాజీ రాజీ కాదు.

నౌఫా ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్లయింది. భర్త సాయిల్, అతని తల్లి కాబట్టే అత్త ఊరందరికీ ఉమ్ సాయిల్. అతను సైన్యంలో ఉన్నాడు, ఎక్కడో తూర్పు సరిహద్దులో. పదిహేను రోజులకోసారి గురువారం వచ్చి శనివారం వెళ్లిపోతాడు. మిగతా రోజులన్నీ అత్తా కోడళ్లూ, ఇరవై రెండు గొర్రెలూ. నౌఫా మాట్లాడేది తక్కువ. పాలు పొంగుతాయా లేదా అని గిన్నె వంక చూస్తూ నిలబడ్డట్టే అన్నిటి వంకా చూస్తూ నిలబడేది.

ప్రతి వసంతంలోనూ అబూ రాకాన్ అనే వ్యాపారి ట్రక్కు వేసుకుని వచ్చేవాడు. ఒక ఉండ తీసి గోటితో టక్కున కొట్టి, మొహం పక్కకి తిప్పుకుని, "ఈ ఏడు మార్కెట్ ఏం బాలేదు ఉమ్ సాయిల్" అనేవాడు. నాలుగేళ్లలో ఒక్క ఏడాదీ మార్కెట్ బాగున్నట్టు నౌఫా వినలేదు. నాలుగో ఏడు అతను అదే ఉండల్ని రాజధాని అమ్మాన్‌లో ఎంతకి అమ్ముతున్నాడో ఫోన్‌లో చూసింది. మూడు రోజులు లోపలే అట్టిపెట్టుకుని, నాలుగో రోజు పిండి కలుపుతూ చెప్పింది.

"అత్తయ్యా, మనమే అమ్ముకుందాం. ఫోన్‌లో."

"ఫోన్‌లో ఎవరమ్ముతారే? ఫోన్ పట్టుకుని సంతకి పోతావా?"

"సంతకి పోనక్కర్లేదు. ఫొటో తీసి పెడతాను. కావలసినవాళ్లు అడుగుతారు. అబూ ఫలాహ్ అన్న మినీబస్సులో పెట్టి పంపిద్దాం. అమ్మాన్‌లో దించుకుని డబ్బు ఆయన చేతికే ఇస్తారు."

"పెట్టుబడి?"

"టేపు చుట్ట ఒకటి, నల్ల పెన్ను ఒకటి. అట్టపెట్టెలు మందుల షాపువాళ్లు ఊరికే పారేస్తున్నారు."

ఉమ్ సాయిల్ పిండి ముద్దని తన వైపు లాక్కుంది. ఆ తర్వాత, "పేరేం పెడతావ్?" అంది.

"మీ పేరే. ఉమ్ సాయిల్ జమీద్."

"నా పేరా! గోడ మీద సున్నంతో రాసినట్టు ఊరందరికీ కనపడేలాగానా?"

"మీ పేరైతేనే కొంటారు అత్తయ్యా. నా పేరు పక్క వీధిలోనే ఎవరికీ తెలీదు."

ఆ మాట ఉమ్ సాయిల్‌కి నచ్చిందని ఆవిడ ముక్కుపుటాలు చెప్పాయి కానీ ఆవిడ ఒప్పుకోలేదు. "సరే పెట్టుకో. నా మొహం మాత్రం పెట్టకు. చేతులు కూడా పెట్టకు. నలభై ఏళ్లయింది, ఆ పేరు మీద మచ్చ లేదు. తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే నాకు తిరిగివ్వాలి. గుర్తుంచుకో."

నౌఫా గుర్తుంచుకుంది.

మొదటి నెలలో పెట్టెలు నాలుగే పోయాయి. రెండో నెలలో పదకొండు. కొన్నవాళ్లు రకరకాలుగా అడిగేవారు. "మేకతోలు తిత్తిలో చిలుకుతారా?" అని ఒకావిడ. "లేదక్కా, పాత వాషింగ్ మెషీన్‌లో. అందులో ఎప్పుడూ బట్టలు వెయ్యలేదు" అని నౌఫా ఉన్నదున్నట్టు రాసింది. ఆవిడ నవ్వే బొమ్మలు నాలుగు పంపి, మూడు కిలోలు కొంది.

అసలు గొడవ ఉండలతోనే వచ్చింది. అమ్మాన్ నుంచి హైఫా అనే ఆవిడ ఒకరోజు మాట రికార్డు చేసి పంపింది. "నౌఫా, నీ జమీద్ బంగారం. కానీ తల్లీ, దాన్ని పగలగొడుతుంటే కింది ఫ్లాటువాళ్లు పైకొచ్చారు, భూకంపమేమో అని. మావారు సుత్తి తెచ్చారు. వంటింటి పలక పగిలింది. జమీద్ పగల్లేదు."

నౌఫా ఆ మాటలు రెండుసార్లు విని నవ్వుకుంది. నవ్వు ఆగాక ఆలోచించింది. అదే రోజు ఒక ఉండని గోనెగుడ్డలో చుట్టి, పెరటి రాతి మీద పెట్టి, రుబ్బురాయిలాంటి నల్ల గుండుతో కొట్టింది. అక్రోటు కాయలంత ముక్కలు. అరకిలో చొప్పున సంచుల్లో కట్టి అమ్మాన్‌కి పంపింది. ఆ ముక్కలు గోరువెచ్చని నీళ్లలో గంటలో నానిపోయాయని హైఫా ఎగిరి గంతేసింది. ఆమె స్నేహితురాళ్లు కూడా ముక్కలే అడిగారు.

ఉమ్ సాయిల్‌కి ఆ పని కంటగింపుగా ఉండేది. "నిండు ఉండ పంపితే గౌరవం. విరిగిన ముక్కలు ఇంట్లో వాడుకుంటాం గానీ ఇంకొకరింటికి పంపుతామా? మాకు మిగిలింది నువ్వు తిను అన్నట్టు ఉండదూ?"

"అమ్మాన్ వాళ్లకి అలా అనిపించదు అత్తయ్యా."

"వాళ్లకేం అనిపిస్తుందిలే. వాళ్లు మన్సఫ్‌ని చెంచాతో తింటారట. పంపుకో. కానీ అమ్మాన్ వరకే."

మరుసటి వసంతంలో అబూ రాకాన్ ట్రక్కు వచ్చేసరికి మిద్దె మీద ఉండలు లేవు. గడప దగ్గరే నిలబడి, "ఫోన్‌లో ఎన్నాళ్లు అమ్ముతారో చూద్దాం. చివరికి నా ట్రక్కే ఎక్కాలి" అన్నాడు. ఉమ్ సాయిల్ అతనికి టీ ఇచ్చింది, జవాబు ఇవ్వలేదు.

నెల తిరక్కుండానే ఫోన్‌లో నౌఫా పేజీకి పోటీగా అబూ రాకాన్ పేజీ మొదలైంది. ఊళ్లలో పాలు కొని తన మిద్దె మీదే ఉండలు చేయించాడు, జీతానికి ఫొటోలు తీసే మనిషిని పెట్టాడు. వెనక వేణువు పాట. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన మేకతోలు తిత్తిని, అందులో చుక్క పాలు లేకపోయినా, ఇద్దరు ఆడవాళ్లు ఊపుతున్న వీడియో. కిలోకి రెండు దీనార్లు తక్కువ. ప్రతి పెట్టెతో పాటు యాలకుల పొట్లం ఉచితం. నౌఫా పెట్టెలు సగానికి పడిపోయాయి. ఆమె రోజూ అబూ రాకాన్ పేజీ తెరిచి, ప్రతి ఫొటోనీ మెల్లగా చూసేది. కుళ్లుకోలేదు. గొర్రె ఎందుకు మేత ముట్టట్లేదో తెలుసుకోవడానికి దాని పక్కన కూర్చున్నట్టు, ఊరికే చూసేది.

అలాంటి రోజుల్లో హైఫా నుంచి కబురు. "మా తమ్ముడి పెళ్లి, వచ్చే శుక్రవారం. మన్సఫ్ మూడు వందల మందికి. మా నాన్నతో మాట్లాడాను. నలభై కిలోలు కావాలి. ఎప్పటిలాగే పంపు. నేరుగా మా నాన్న ఇంటికే."

హైఫా తండ్రి హాజీ అవ్వాద్. కరక్‌కి ఇటుపక్క ఏ తగవు తీరాలన్నా ఆయన డేరాలోనే కాఫీ పొయ్యాలి. అలాంటి ఇంటికి నలభై కిలోలు! ఉమ్ సాయిల్ ఆ వారం ఇంట్లో లేదు, కూతురి పురిటికి తఫీలా వెళ్లింది. నౌఫా ఒక్కతే రెండు రోజులు కూర్చుని నలభై కిలోలూ ముక్కలు కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. "ఎప్పటిలాగే" అన్న మాట ఆమెకి ముక్కలనే చెప్పింది. ఇది అమ్మాన్ ఫ్లాటుకి కాదు, హాజీ గారి ముంగిట్లోకి అన్న సంగతి, పెళ్లికి నాలుగు రోజుల ముందే దగ్గరివాళ్లు వచ్చి బియ్యం, గొర్రెలు, జమీద్ అన్నీ కళ్లారా చూసి వెళతారన్న సంగతి ఆమె బుర్రకి తట్టనేలేదు.

సోమవారం పంపింది. మంగళవారం సంచులు తిరిగొచ్చాయి.

అబూ ఫలాహ్ బస్సు దిగి, సంచులు దించి, తలపాగా సర్దుకుంటూ నిలబడ్డాడు. చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"చెప్పన్నా. ఏమన్నారు?"

"హాజీ గారన్నారమ్మా... మా ఇంటికొచ్చేది మనుషులు, పిట్టలు కాదు, గింజలు చల్లడానికి అన్నారు."

నౌఫా సంచులు ఒక్కొక్కటే లోపలికి మోసింది.

ఆ సాయంత్రమే అబూ రాకాన్ పేజీలో ఫొటో వచ్చింది. హాజీ అవ్వాద్ డేరాలో ఇత్తడి తాంబాళం, దాని మీద గోపురంలా పేర్చిన నిండు ఉండలు. కింద రాత: "హాజీ అవ్వాద్ గారింటి పెళ్లికి మన జమీద్. మేం ముక్కలు అమ్మం." దాని కింద ఎవరో, "మరి ముక్కల ఉమ్ సాయిల్ ఎక్కడ?" అని రాశారు. ఆ మాట కింద నవ్వే బొమ్మలు చీమల బారులా పెరుగుతూ పోయాయి.

బుధవారం మధ్యాహ్నం ఉమ్ సాయిల్ తఫీలా నుంచి వచ్చింది. చేతిలో మూట దించలేదు. గడప దాటుతూనే అడిగింది.

"బస్సులో ఒకావిడ నన్ను ముక్కల ఉమ్ సాయిల్ మీరేనా అని అడిగింది. ఎవరే ఆ ముక్కల ఉమ్ సాయిల్?"

నౌఫా అంతా చెప్పింది. హైఫా అన్న మాట, తను కొట్టిన ముక్కలు, తిరిగొచ్చిన సంచులు, పిట్టల మాట. ఏదీ దాచలేదు, దేనికీ సాకు చెప్పలేదు. "తప్పు నాదే అత్తయ్యా" అంది చివర్న.

"తప్పు నీదే. పేరు నాది."

ఉమ్ సాయిల్ మూట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు గొర్రెల పాలు నౌఫా ఒక్కతే పితికింది.

గురువారం పొద్దున, రొట్టె ముందు పెట్టుకుని ఇద్దరూ తినకుండా కూర్చున్నప్పుడు నౌఫా ఫోన్ తీసి అత్త ముందు పెట్టింది. ఆవిడ దాన్ని ఎప్పుడూ ముట్టుకునేది కాదు.

"ఇప్పుడిదెందుకు? నా పేరు ఇంకా ఎవరెవరు ఏమన్నారో చూపిస్తావా?"

"కాదు. ఈ కుర్చీ చూడండి అత్తయ్యా. ఒక కోడు విరిగిన నీలం కుర్చీ. అబూ రాకాన్ మిద్దె మీద ఎప్పుడూ ఇక్కడే ఉంటుంది. ఈ ఫొటో పోయిన శనివారం కాక అంతకు ముందు శనివారం పెట్టాడు. కుర్చీ పక్కన పెద్ద చాప. చాప మీద ఉండలు ఇంకా తడి. వేళ్ల గుర్తులు మెరుస్తున్నాయి చూశారా?"

"ఊఁ."

"ఇది మొన్న సోమవారం పెట్టింది. అదే కుర్చీ, అదే చాప. చాప ఖాళీ. ఉండలు పెట్టెల్లో సర్దుతున్నారు. అబూ రాకాన్‌కి వేరే మిద్దె లేదు. హాజీ గారింటికి పోయినవి ఇవే."

ఉమ్ సాయిల్ ఫోన్‌ని రెండు చేతులతో, వేడి గిన్నెని పట్టుకున్నట్టు పట్టుకుంది. "పెద్దగా కనపడేట్టు చెయ్యి" అంది. చాలాసేపు చూసింది. "తొమ్మిది రోజులు" అంది. కాసేపటికి మళ్లీ, "కుర్చీ నీడ చూడు ఎంత పొట్టిగా ఉందో. నడిమధ్యాహ్నం. పైన గుడ్డ కూడా లేదు. ఎండలో పెట్టి ఆరబెట్టాడు, సన్నాసి. పైన పెంకు కట్టేస్తుంది, లోపలి తడి బయటికి రావడానికి దారుండదు. లోపలే పాసిపోతుంది."

"గోటితో కొడితే టక్కుమంటుంది" అంది నౌఫా.

"అంటుంది. వాడికి గోరే తెలుసు." ఉమ్ సాయిల్ లేచి నిలబడింది. "పెళ్లి రేపు కదూ? అంటే ఇవాళ మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు తర్వాత నానేస్తారు. మూడు వందల మంది. అంతమంది నోట్లో ఆ కంపు పడితే అబూ రాకాన్ జమీద్ అనరు. కరక్ జమీద్ అంటారు. మా అమ్మ చేసింది కూడా అందులోకే వస్తుంది."

ఆవిడ మిద్దె గదిలోకి వెళ్లి, మార్చి నెల తొలి పాలతో చేసి సాయిల్ కోసం అట్టిపెట్టిన ఉండలు ఆరు ఏరి, తెల్లటి గుడ్డలో కట్టింది. వెండి ఉంగరం పెట్టుకుంది. నల్ల గౌను మీద దుమ్ము దులిపింది. ఆవిడ వీధి చివరికి వెళ్లేసరికి అబూ ఫలాహ్ బస్సు ఆగి ఉంది, నౌఫా అప్పటికే దాని పక్కన ఉంది.

హాజీ అవ్వాద్ ఇంటి ముంగిలంతా మేకవెంట్రుకల డేరా వేశారు. పొయ్యిల కోసం తవ్విన గుంటల పక్కన లోపల పిల్లాణ్ణి కూర్చోబెట్టగలిగినంత పెద్ద డేగిశాలు బోర్లించి ఉన్నాయి. ఇత్తడి తాంబాళంలో అబూ రాకాన్ ఉండల గోపురం అలాగే ఉంది. ముసలి వంటవాడు చేతులు కడుక్కుంటున్నాడు. డేరా అంచున హాజీ, ఆయన అన్నదమ్ములు, ఒక ఏడెనిమిది మంది ఇంటివాళ్లు. ఆడవాళ్లు పక్క గదిలోంచి కిటికీకి అతుక్కున్నారు. హైఫా వాళ్లలోనే ఉంది. నౌఫాని చూడగానే తలదించుకుంది.

ఉమ్ సాయిల్ డేరా అంచుకి వచ్చి సలాం చెప్పింది. ఆమెని గుర్తుపట్టి హాజీ మొహం బిగుసుకుంది. కానీ గడపకి వచ్చిన మనిషి. కాఫీ ఇవ్వమని సైగ చేశాడు.

ఆవిడ కప్పు అందుకుని, తాగకుండా, తన ముందు నేల మీద పెట్టింది.

డేరాలో మాటలు ఆగిపోయాయి. కప్పు నేల మీద పెట్టారంటే ఏదో అడగడానికి వచ్చారని, అది ఇస్తామనేదాకా తాగరని అక్కడ అందరికీ తెలుసు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు హాజీ. గొంతులో చలి తగ్గలేదు.

"రెండు కావాలి హాజీ గారూ. మొదటిది క్షమాపణ. మీ ఇంటికి ముక్కలు వచ్చాయి. పంపింది నా కోడలు, పేరు నాది. కాబట్టి తప్పు కూడా నాదే. దానికి బదులు ఈ ఆరు ఉండలు నా కొడుకు వాటాలోవి, మీ అబ్బాయికి."

కోడలి తప్పుని ఆవిడ తన మీద వేసుకోవడం విని నౌఫా తలెత్తి చూసింది.

"క్షమించాం. రెండోది?"

"ఒక రాయి."

ఎవరో నవ్వారు. "పిట్టలకి ఇంకా గింజలు కొడుతుందా?" అని వెనక నుంచి ఒక గొంతు.

"కొడతాను బాబూ. నువ్వు కూడా దగ్గరికి రా, నీకూ రెండు గింజలు పెడతాను" అంది ఉమ్ సాయిల్, అటు తిరక్కుండానే. ఈసారి నవ్వింది డేరా అంతా.

వంటవాడు పొయ్యి దగ్గరి రాయి తెచ్చి ఇచ్చాడు. నలభై ఏళ్లుగా నిండు ఉండే గౌరవమని చెబుతూ వచ్చిన మనిషి, తన ఉండల్లో అన్నిటికన్నా పెద్దది తీసి, గుడ్డ మీద పెట్టి, అందరి ముందూ రాయెత్తి కొట్టింది. ఒక దెబ్బ. రెండో దెబ్బ. మూడో దెబ్బకి ఉండ నడిమికి రెండుగా విడిపోయింది. ఆవిడ ఒక చెక్క హాజీ చేతిలో పెట్టింది.

"చూడండి. అంచున ఎంత తెలుపో నడిమిన అంతే తెలుపు. గీస్తే పొడి రాలుతుంది. నా కోడలు మీకు పంపిన ప్రతి ముక్కా ఇలాంటిదే. మీరు ముక్కని చూశారు, ముక్క లోపల చూడలేదు. అదొక్కటే చెప్పుకుందామని వచ్చాను. ఇంకొకరి వస్తువు గురించి నేనేం అనను."

నిజంగానే ఇంకేం అనలేదు. తాంబాళం వంక కూడా చూడలేదు. చూసింది ముసలి వంటవాడు. అతను ఏమనుకున్నాడో ఏమో, గోపురం మీంచి ఒక ఉండ తీసి, అదే రాతితో కొట్టాడు.

ఒక్క దెబ్బకే పెంకు చిట్లింది. లోపల పచ్చగా, తడి బంకమన్నులా ఉంది. పులిసిన కంపు హాజీ కూర్చున్నచోటికి కూడా వచ్చింది. వంటవాడు రెండోది కొట్టాడు. అదీ అంతే. మూడోది కొంత నయం. నాలుగోది కొట్టబోయి రాయి కింద పెట్టేశాడు.

కిటికీ వెనక ఒకావిడ "యా అల్లా" అంది. రేపు మూడు వందల మంది. గొర్రెలు కోసేశారు. హాజీ చేతిలో ఉమ్ సాయిల్ ఇచ్చిన చెక్క ఇంకా అలాగే ఉంది.

ఉమ్ సాయిల్ గొంతు తగ్గించి, "హాజీ గారూ, చూసింది ఇంటివాళ్లమే. బయటివాళ్లెవరూ లేరు" అంది.

ఆ మాటతో హాజీ భుజాలు కొద్దిగా దిగాయి. "ఇంత జమీద్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అప్పుడు నౌఫా అక్కడికి వచ్చాక మొదటిసారి నోరు తెరిచింది. "బస్సులో ఉంది."

ఉమ్ సాయిల్ గిరుక్కున వెనక్కి తిరిగింది. "ఏం ఉంది?"

"తిరిగొచ్చిన నలభై కిలోలు. పొద్దున మీరు ఉంగరం పెట్టుకుంటుంటే ఎక్కించాను."

"నాతో చెప్పకుండానా?"

"చెబితే దించేయమనేవారు అత్తయ్యా. అడుక్కోవడానికి వెళుతున్నట్టు ఉంటుందని."

"అనేదాన్నే" అంది ఉమ్ సాయిల్. ఆవిడ ముక్కుపుటాలు మళ్లీ ఆ ఏడాది కిందటి మాట చెప్పాయి.

వంటవాడు అప్పటికే బస్సు వైపు నడుస్తున్నాడు. ఒక సంచి విప్పి, ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని చప్పరించాడు. "హాజీ గారూ! నిండు ఉండలు కొట్టడానికే నలుగురు కుర్రాళ్లు కావాలని మీతో పొద్దున్నుంచీ పోరుతున్నా. ఈ అమ్మాయి నా పని సగం చేసి పెట్టింది. ఇంతకాలం ఈ బుద్ధి మనకెవరికీ ఎందుకు పుట్టలేదు?"

హాజీ అవ్వాద్ లేచాడు. ఉమ్ సాయిల్ ముందు నేల మీద ఉన్న కప్పుని ఆయనే వంగి తీశాడు. "ఇది చల్లారిపోయింది. నా చెల్లెలికి వేడిది పొయ్యండి" అన్నాడు. వేడి కాఫీ వచ్చింది. ఈసారి ఆవిడ కప్పు కింద పెట్టలేదు.

మర్నాడు పెళ్లిలో అత్తాకోడళ్లు ఆడవాళ్ల పళ్లెం దగ్గర కూర్చున్నారు. పులుసు అన్నం మీంచి జారి మోచేతుల దాకా కారింది. ఎవరూ చెంచా అడగలేదు. మగవాళ్ల వైపు నుంచి, మఆన్ నుంచి వచ్చిన పెద్దాయనెవరో, "అవ్వాద్, ఈ జమీద్ ఎవరింటిది?" అని అడగడం వినిపించింది. హాజీ గొంతు డేరా అంతటికీ సరిపోయేంతది.

"ముక్కల ఉమ్ సాయిల్‌ది. ఇంకెవరు చేస్తారు ఇలాంటిది?"

ఆడవాళ్ల గదిలో నాలుకలు తిప్పుతూ వేసే పెళ్లి కూతలు లేచాయి. ఉమ్ సాయిల్ పళ్లెం మీంచి తలెత్తలేదు. ముద్ద మాత్రం కాసేపు చేతిలోనే ఆగింది. హైఫా వచ్చి నౌఫా పక్కన ఇరుక్కుని కూర్చుని, "నావల్లే ఇంత జరిగింది, తిట్టవే నన్ను" అంది. "తింటున్నాను, తర్వాత తిడతాను" అంది నౌఫా.

హాజీ ఇంటినుంచి అబూ రాకాన్ గురించి ఒక్క మాట బయటికి రాలేదు. ఉండలు మాత్రం మూట కట్టి అతని కొట్టుకి తిరిగి వెళ్లాయి. కానీ వంటవాడు మంచి వంటవాడే గానీ నోరు ఆగే మనిషి కాదు. వారం తిరిగేసరికి కరక్ సంతలో ఉండలు కొనేవాళ్లు, "ఒకటి కొట్టి చూపించు" అనడం మొదలుపెట్టారు.

శనివారం ఉమ్ సాయిల్, గొర్రెలకి నీళ్లు పెట్టి వచ్చి, తీగ మీద ఆరేసిన గుడ్డసంచులు తీస్తూ అంది:

"ఆ పేజీకి పేరు మార్చడం కుదురుతుందా?"

"కుదురుతుంది. ఏమని?"

"వాళ్లు పెట్టిందే పెట్టు. ముక్కల ఉమ్ సాయిల్. బాగుంది. నోటికి పట్టుకుంటుంది." కాస్త ఆగి, "నీకు ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగివ్వమన్నాను. కొంచెం పెంచి ఇచ్చావు" అంది.

నౌఫా ఆ రోజు పాల గిన్నె మూడుసార్లు కడిగింది. చేతులకి ఏదో ఒక పని కావలసి వచ్చింది.

పేరు మారిన పదిహేను రోజులకి అంతకుముందు నెలన్నరలో ఎన్ని పెట్టెలు పోయాయో అన్ని ఒక్కసారే అడిగారు. మరో ఇద్దరు ఆడవాళ్లు, పైవీధి వాళ్లు, తమ గొర్రెల పాలు కూడా తెచ్చి ఇస్తామని వచ్చారు. ఉమ్ సాయిల్ వాళ్లని మిద్దె ఎక్కించి, నీడ ఎటు పడుతుందో, గుడ్డ ఎంత పల్చగా ఉండాలో గంటసేపు చెప్పింది.

జూన్ నెలలో ఒక పొద్దున నౌఫా ఫోన్ చూస్తూ కదలకుండా నిలబడిపోయింది. అబూ రాకాన్ పేజీ. నీలం కుర్చీ. కుర్చీ పక్కన సంచులు. "ఇప్పుడు అబూ రాకాన్ జమీద్ ముక్కల్లో కూడా! ఇంటికి సులువు, వంటకి త్వరగా." కిలోకి మూడు దీనార్లు తక్కువ. వేణువు పాట మాత్రం అదే.

"అత్తయ్యా, మన పద్ధతే ఎత్తుకున్నాడు. ముక్కలు అమ్ముతున్నాడు. మనకన్నా తక్కువకి."

ఉమ్ సాయిల్ ఫోన్ అందుకుంది. ఈసారి ఒక చేత్తోనే పట్టుకుంది. ఫొటోని తనే వేలితో పెద్దది చేసింది. సంచిలోంచి కనపడుతున్న ముక్కల్ని ఒక్కొక్కటే చూసింది.

"ఇది చూడు" అంది. "లోపల కూడా తెల్లగానే ఉంది. కుర్చీ మీద పందిరి వేశాడు, నీడన ఆరబెడుతున్నాడు."

"మరి మనకి..."

"ఏమవుతుంది? ముక్కలు కొట్టి అమ్మాలంటే లోపల ఆరి ఉండాలి కదే. ఎండలో పెట్టినది ముక్కలు కొట్టి ఎవడికి చూపిస్తాడు? గోటితో కాదు, లోపల చూడమని ఇన్నేళ్లు ఆ మనిషికి నేను ఎంత చెప్పినా వినలేదు. నువ్వు ఒక్క గుండుతో నేర్పించావు." ఆవిడ నవ్వింది. నౌఫా ఆ ఇంటికి వచ్చాక ఆవిడ అంత పెద్దగా నవ్వడం అదే మొదలు. "కొట్టనీ. కరక్‌లో అందరూ మంచిదే తింటారు. వాళ్లలో రుచి తెలిసినవాళ్లు మనది తింటారు."

ఫోన్ తిరిగి ఇచ్చేసి, పెరట్లోకి వెళ్లి రాతి ముందు చతికిలబడింది. గోనెగుడ్డ పరిచింది. ఉండ ఒకటి తీసుకుంది. ఆగి, వేలికి ఉంగరం ఉందో లేదో చూసుకుంది.

"ఏం నిలబడ్డావ్? ఇలా రా. ఆ ఫోన్ పట్టుకో" అంది. "మొహం వద్దు. చేతులు చాలు."

నౌఫా ఫోన్ పట్టుకుంది. ఉమ్ సాయిల్ రాయెత్తింది.